మొండికేసిన ప్లగ్గు

ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ తర్వాత కారులో ఇంటి దగ్గరే మార్చుకోగలిగిన వస్తువేదంటే చాలామంది స్పార్క్ ప్లగ్గు పేరే చెబుతారు. వైరు తీయడం, పానా వేయడం, పాతది విప్పడం, కొత్తది బిగించడం. కారు సరిగ్గా సర్వీసింగుకు వెళ్తూ ఉంటే పని నిజంగానే అంతే. ఈ వ్యాసం మిగతా కార్ల గురించి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంటే ఇప్పుడు మన వీధుల్లో తిరుగుతున్న వాటిలో అన్నిటికన్నా కొత్తది కూడా పదేళ్ళు దాటినదే. పిల్లలు విదేశాలకు వెళ్ళాక సెల్లారులో కవరు కప్పుకుని ఏళ్ళకేళ్ళు నిలబడ్డ ఆల్టోలున్నాయి. విశాఖ, కాకినాడల్లో ఉప్పుగాలికి ఆరుబయట నానిన కార్లున్నాయి. వీటిలో ప్లగ్గుకు పానా వేసి లాగితే కదలదు. ఇంకాస్త గట్టిగా లాగి చూద్దామనిపిస్తుంది. సరిగ్గా అక్కడ ఆగాలి.

ఎందుకు ఆగాలో డబ్బు లెక్కే చెబుతుంది. మామూలు ప్లగ్గు వందల్లో దొరుకుతుంది. అది కూర్చున్న సిలిండర్ హెడ్డు అల్యూమినియం పోత. దాని మరలు చెడితే ఖర్చు వేలల్లోకి పోతుంది, హెడ్డు విప్పాల్సి వస్తే ఇంకా పెరుగుతుంది. పాత ప్లగ్గు ఎలాగూ చెత్తబుట్టలోకి వెళ్ళేదే కాబట్టి అది పాడైనా ఫరవాలేదు. కాపాడుకోవాల్సింది హెడ్డును. ఎంత బలం పెట్టాలి, ఎప్పుడు వదిలేయాలి అన్న ప్రతి సందేహానికీ ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే జవాబు దొరుకుతుంది.

ప్లగ్గు ఒళ్ళు ఉక్కు, దానికి చోటిచ్చిన హెడ్డు అల్యూమినియం. వేర్వేరు జాతుల లోహాలు రెండు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట తడి చేరితే, అందులోనూ ఉప్పుతడి చేరితే, అక్కడ చిన్న బ్యాటరీ లాంటిది పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ జంటలో తినబడేది అల్యూమినియమే. అది మారే తెల్లటి పొడి, అంటే అల్యూమినియం ఆక్సైడు, అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మర సందుల్లో అంత చోటు ఉండదు కాబట్టి ఆ పొడి రెండు లోహాలనూ ఒత్తి పట్టేస్తుంది. మామూలు ఇనుప తుప్పు కూడా ఇలాగే ఉబ్బుతుంది. వాన నీరు బానెట్ సందుల్లోంచి ప్లగ్గు గుంతలోకి జారడం, సర్వీసింగులో ప్రెషర్ పంపుతో ఇంజను కడగడం, ఈ రెండే ఆ తడికి ముఖ్యమైన దారులు.

ఇంకో కారణం లోపలి వైపు నుంచి వస్తుంది. మంట మండే గదిలోకి పొడుచుకొచ్చిన మర చివర మసి పేరుకుని గట్టిపడుతుంది. ఆ కారుకు చెప్పిన దానికన్నా పొడవైన ప్లగ్గు ఎవరైనా వేసి ఉంటే ఇది మరీ ఎక్కువ. విప్పేటప్పుడు ఆ మసి కట్టిన మరలు హెడ్డు మరల గుండానే పైకి రావాలి, వస్తూ వాటిని గీకుతాయి. ఇక మూడోది మనుషులు చేసిన పని: ఇంతకు ముందు ఎవరో చేతనైనంత బలంగా బిగించి వదిలేయడం. చాలా మొండి ప్లగ్గుల కథ ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం. ఇరిడియం ప్లగ్గుల వల్ల ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చింది. అవి లక్ష కిలోమీటర్ల దాకా పనిచేస్తాయి కాబట్టి అన్నేళ్ళూ వాటి జోలికి ఎవరూ పోరు. తుప్పుకూ మసికీ కావలసినంత గడువు దొరుకుతుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ప్లగ్గు వైర్లకు ఒకటి, రెండు, మూడు అని కాగితపు టేపు మీద రాసి అంటించండి. వైర్లు తారుమారైతే ఇంజను స్టార్టవదు, లేదా కొట్టుకుంటూ నడుస్తుంది. ప్లగ్గు మీద కూర్చున్న రబ్బరు టోపీని వైరు పట్టుకుని లాగకుండా, టోపీనే పట్టుకుని ముందు కొంచెం తిప్పి తర్వాత పైకి తీయాలి. ఏళ్ళ తరబడి వేడికి ఆ రబ్బరు ప్లగ్గు పింగాణీకి అతుక్కుపోయి ఉంటుంది. ఆ తర్వాత చాలామంది దాటేసే పని ఒకటుంది: గుంతను శుభ్రం చేయడం. ప్లగ్గు చుట్టూ చేరిన ఇసుక, తుప్పు పొలుసులు ప్లగ్గు ఊడిన మరుక్షణం సిలిండర్లోకి రాలతాయి, పిస్టన్ వాటితో గోడలను గీకుతుంది. టైర్లకు గాలి కొట్టే పంపుతోనైనా బాగా ఊదండి, కళ్ళద్దాలు పెట్టుకుని.

పానా విషయంలో రాజీ పడొద్దు. పాత కార్ల ప్లగ్గులకు 21 మిల్లీమీటర్ల సాకెట్, కొత్తవాటిలో చాలావాటికి 16 సరిపోతుంది. ఆరు మూలలున్న సాకెట్టే వాడాలి. పన్నెండు మూలలది తలను పూర్తిగా పట్టదు, బలం పెరిగేకొద్దీ జారి మూలలు గుండ్రంగా అరగదీస్తుంది. లోపల రబ్బరు ఉన్న ప్లగ్గు సాకెట్ అయితే పింగాణీ పగలదు. ఎక్స్‌టెన్షన్ రాడ్డు పైభాగాన్ని ఎడమచేత్తో నిటారుగా అదిమిపట్టుకుని కుడిచేత్తో తిప్పాలి. రాడ్డు ఒక పక్కకు వాలితే బలం తిప్పడానికి కాక వంచడానికి ఖర్చవుతుంది, పింగాణీ పుటుక్కుమంటుంది.

ఇంజను వేడిగా ఉండాలా, చల్లగా ఉండాలా అన్నది ఏ షెడ్డులోనైనా వాదనే. వేడి చేయాలనేవారి వాదనలో బలం ఉంది. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసులను విడదీయడానికి లోపలిదాంట్లో చన్నీళ్ళు పోసి బయటిదాన్ని వేణ్ణీళ్ళలో పెట్టే ఉపాయం లాంటిదే ఇది: రంధ్రం పెద్దదైతే పట్టు సడలాలి. అయితే లెక్క వేసి చూడండి. ఇంజను చల్లటి స్థితి నుంచి నూరు డిగ్రీలకు చేరితే, 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకూ దాని రంధ్రానికీ మధ్య పెరిగే తేడా సుమారు మిల్లీమీటరులో నూరో వంతు. లాభం అంతే. నష్టం మాత్రం పెద్దది. వేడి మీద అల్యూమినియం మెత్తబడి, ఉక్కు మరల అంచులకు అంటుకుని చిరుగుతుంది. అందుకే కంపెనీల మాన్యువళ్ళు ఇంజను పూర్తిగా చల్లారాకే స్పార్క్ ప్లగ్గు విప్పమంటాయి. నేను వాటి పక్షమే. వేడిని వేరే విధంగా వాడుకోవచ్చు. ముందురోజు కారును కాసేపు తిప్పి, రాత్రంతా చల్లారనివ్వండి. ఒకసారి వ్యాకోచించి మళ్ళీ సంకోచించేటప్పుడు తుప్పు పొరలో పగుళ్ళు పుడతాయి. మర్నాడు పొద్దున, ఇంజను చల్లగా ఉండగా పని మొదలుపెట్టండి.

ఇప్పుడు నూనె సంగతి. కదలని బోల్టు కనిపిస్తే కిరసనాయిలో, డీజిలో, డబ్ల్యూడీ-40 స్ప్రేయో కొట్టి వదిలేయడం అందరికీ తెలిసిన వైద్యం. ప్లగ్గు దగ్గర ఇందులో ఒక మెలిక ఉంది. మామూలు ప్లగ్గు మెడలో మెత్తటి లోహపు వాషరు ఉంటుంది. సిలిండర్లోని వాయువు బయటికి రాకుండా ఆపడమే దాని పని. వాయువును ఆపగలిగినది పైనుంచి పోసిన నూనెను కూడా ఆపుతుంది. కాబట్టి బిగుతుగా ఉన్న ప్లగ్గు చుట్టూ సీసాలకు సీసాలు పోసినా మరల దాకా చేరేది దాదాపు శూన్యం. వాషరు ఒక్క వెంట్రుకవాసి లేస్తేనే నూనెకు దారి. అందుకని ముందు జరగాల్సింది చుట్టులో ఎనిమిదో వంతు కదలిక. అంతకు మించి అప్పుడే తిప్పొద్దు.

ఆ మొదటి కదలిక కోసం ముందు పానాను బిగించే దిక్కుకు, చాలా కొద్ది బలంతో ఒత్తి చూడండి. తుప్పు పొర ఏ దిక్కుకు తోసినా విరిగేదే, పైగా బిగించే దిక్కున మసి కట్టిన మరలు హెడ్డును గీకవు. తర్వాత విప్పే దిక్కుకు లాగండి. మెల్లగా, బరువంతా వేసి లాగడం కన్నా పానా పిడి మీద అరచేత్తో పొట్టిగా, సూటిగా ఒక కుదుపు ఇవ్వడం మేలు. కుదుపుకు పొర పగులుతుంది, లాగుడుకు లోహం మెలితిరుగుతుంది.

చేతికి ఏం తెలుస్తోందో గమనించడమే ఇక్కడ అసలు నైపుణ్యం. పిడి కొంచెం జరిగి, వదిలేయగానే వెనక్కి వచ్చిందంటే ప్లగ్గు విప్పుకోలేదు, ఉక్కు మెలితిరిగిందంతే. అలా ఇంకా లాగితే ఏదో ఒకటి తెగుతుంది. జరిగి అక్కడే నిలిచిందంటే కదిలినట్టు. టప్‌మని శబ్దంతో ఒక్కసారి వదులైతే తుప్పు పట్టు తెగినట్టు, సంతోషించవచ్చు. మెత్తగా, శబ్దం లేకుండా, ఎంతకీ తేలిక కాకుండా తిరుగుతూ ఉంటే అనుమానించాలి. అల్యూమినియం మరలు ప్లగ్గుతో పాటు చిరిగి వస్తుండవచ్చు.

పానాకు పైపు తొడగడం మన షెడ్లలో రోజూ చూసేదే. చక్రాల బోల్టులకు దాన్ని తప్పుపట్టను. ప్లగ్గుకు మాత్రం వద్దు. పావు మీటరు పిడి ఉన్న పానాను 11 కిలోల బలంతో లాగితే ప్లగ్గు మీద పడేది సుమారు 27 న్యూటన్ మీటర్లు, అంటే సరిగ్గా బిగించడానికి కావలసినంత. అదే లాగుడుకు పిడిని అర మీటరు చేస్తే బలం రెట్టింపవుతుంది, చేతికి మాత్రం ఆ తేడా తెలియదు. పైపు మన బలాన్ని పెంచి, స్పర్శను తగ్గిస్తుంది. మొండి ప్లగ్గు దగ్గర మనకున్న ఒకే ఒక్క కొలమానం ఆ స్పర్శే.

ఎనిమిదో వంతు చుట్టు వదులయ్యాక నూనె పోయండి. గుంతలో ప్లగ్గు తల మునిగేంత చాలు. పావుగంట తక్కువ కాకుండా నాననివ్వండి. తొందర లేకపోతే ఇంకా ఎక్కువ సేపు. తర్వాత మళ్ళీ బిగించే దిక్కుకు కొంచెం, విప్పే దిక్కుకు ఇంకాస్త ఎక్కువ. అర చుట్టు చొప్పున ముందుకూ వెనక్కూ తిప్పుతూ పోతే, నూనె లోపలి మరలకు పాకుతుంది, మసి పొడై జారుకుంటుంది. కీచుమని శబ్దం వస్తే భయపడక్కర్లేదు, కానీ బలం పెంచకుండా ఇంకాస్త నూనె వేసి ఆగాలి. ఈ నూనెలన్నీ మండేవే. దగ్గర్లో బీడీ, సిగరెట్టు ఉండకూడదు, నూనె పోసిన ఇంజనును స్టార్ట్ చేయకూడదు.

ఈ పద్ధతి ఎంత విలువైనదో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ అనుభవం చూస్తే తెలుస్తుంది. ఎఫ్-150 ట్రక్కుల్లో 2004 మోడలు నుంచి వాడిన 5.4 లీటర్ల మూడు వాల్వుల ట్రైటన్ ఇంజనులో ప్లగ్గులు పొడవైనవి, వాటి ఒళ్ళు రెండు ముక్కల అతుకు. కింది భాగం సన్నటి తొడుగులా హెడ్డులోకి దిగి ఉండేది. ఆ తొడుగు చుట్టూ మసి గట్టిపడితే, విప్పినప్పుడు పై భాగం చేతికి వచ్చి, కింది ముక్క హెడ్డులోనే ఉండిపోయేది. దాన్ని తీయడానికి ప్రత్యేకమైన పరికరాలే పుట్టుకొచ్చాయి. కంపెనీ తన మెకానిక్కులకు పంపిన సూచనల సారం ఇంచుమించు పైన చెప్పిందే: ఇంజను పూర్తిగా చల్లారాలి, ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు వరకే వదులు చేయాలి, గుంతలో కార్బురేటర్ క్లీనర్ పోసి కనీసం పావుగంట ఉంచాలి, ఆ పైన ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయాలి. మొత్తం యంత్రాంగం, పరికరాలు అందుబాటులో ఉన్న కంపెనీయే బలం బదులు ఓపికను రాసి పంపిందంటే, ఇంటి ముందు నిలబడి చేసుకునే మనకు వేరే దారేముంటుంది?

డీజిలు కారు ఉన్నవారికి ఒక హెచ్చరిక. అందులో ఉండేది గ్లో ప్లగ్గు. చూడ్డానికి బంధువులా ఉన్నా నియమం తిరగబడుతుంది. అది సన్నగా పెన్సిలులా ఉంటుంది, దాని మర 8 లేదా 10 మిల్లీమీటర్లే. ఇక్కడ ముందు తెగేది హెడ్డు మర కాదు, ప్లగ్గు నడుమే. విరిగి లోపల ఉండిపోయిన ముక్కను తీయడం నరకం. అందుకే దీన్ని వేడి ఇంజనులోనే విప్పమని తయారీదారులు చెబుతారు, విప్పే బలానికి కూడా హద్దు పెడతారు. 10 మిల్లీమీటర్ల దానికి ఆ హద్దు 35 న్యూటన్ మీటర్లు, 8కి 20. అది దాటాల్సి వస్తోందంటే ఆపి, నూనె వేసి, మళ్ళీ ఇంజను వేడి చేసి ప్రయత్నించాలి. టార్క్ రెంచ్ లేకుండా గ్లో ప్లగ్గు జోలికి వెళ్ళొద్దనే చెబుతాను.

పెట్రోలు కారు దగ్గరికే వద్దాం. ప్లగ్గు బయటికొచ్చాక వెలుతురులో దాని మరలు చూడండి. నల్లటి మసి, గోధుమరంగు తుప్పు ఉంటే మామూలే. మర సందుల్లో వెండి తీగలా మెరిసే పోగులు చుట్టుకుని ఉంటే అది హెడ్డు అల్యూమినియం. కొద్దిగా ఉంటే రంధ్రాన్ని మర శుభ్రం చేసే చేజర్‌తో సరిచేయవచ్చు. ట్యాప్ వద్దు, అది లోహాన్ని కొత్తగా కోస్తుంది, ఉన్న మరనే ఇంకా పలచన చేస్తుంది. చేజర్ గాళ్ళలో గ్రీజు నింపితే పొట్టు దానికే అంటుకుంటుంది, సిలిండర్లో పడదు. పోగులు చుట్టలు చుట్టలుగా వచ్చాయంటే మర పోయినట్టే. అప్పుడు లేత్ షాపు మిత్రుడు కావాలి. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్టను దించుతారు. హెలికాయిల్ అంటే ఇదే. నిటారుగా, శ్రద్ధగా దించితే అది అసలు అల్యూమినియం మరకన్నా గట్టిగా నిలుస్తుంది. ఆ పని ఇంట్లో చేయొద్దు. డ్రిల్లు ఒక్క డిగ్రీ వాలినా ప్లగ్గు వంకరగానే కూర్చుంటుంది.

కొత్తది బిగించే ముందు, పోసిన నూనె సిలిండర్లోకి కొంత దిగి ఉంటుంది కాబట్టి దాన్ని బయటికి తోయాలి. అన్ని ప్లగ్గులూ తీసి, ఇంధన పంపు ఫ్యూజు పీకి, ఇగ్నిషన్ కాయిల్ వైరు విప్పి, రంధ్రాల మీద పాతగుడ్డ కప్పి, బ్యాటరీ తగిలించి కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టండి. మొహం రంధ్రాల మీదికి పెట్టొద్దు. ఎక్కువ నూనె అలాగే ఉండగా ప్లగ్గు బిగించి స్టార్ట్ చేస్తే పిస్టన్ ద్రవాన్ని నొక్కలేక దాని కనెక్టింగ్ రాడ్డు వంగే ప్రమాదం ఉంది. ఊడ్చేశాక బ్యాటరీ వైరు మళ్ళీ తీసేయండి.

ఇక బిగింపు. విప్పడం మీద ఉన్న శ్రద్ధలో సగం కూడా మనవాళ్ళు దీని మీద పెట్టరు. తర్వాతిసారి ప్లగ్గు మొండికేస్తుందా లేదా అన్నది తేలేది ఇక్కడే. మొదట, మాన్యువల్లో రాసిన నంబరు ప్లగ్గే తెచ్చారా, మర పొడవు పాతదానితో సమానమేనా అని రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కొన మీది సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. పాత కార్లకు 0.7, 0.8 మిల్లీమీటర్లు, కొత్తవాటిలో చాలావాటికి 1 మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. మీ మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. ఇరిడియం కొన వెంట్రుక లాంటిది, దాన్ని వంచబోవద్దు.

ప్లగ్గు తెల్లటి పింగాణీ మీదికి అరచేయంత పెట్రోలు పైపు ముక్క తొడిగి, ఆ పైపుతోనే మొదలుపెట్టండి. ముందు విప్పే దిక్కుకు తిప్పితే మర మొదలు మీద చిన్నగా టిక్కుమని దిగుతుంది, అక్కడి నుంచి బిగించే దిక్కుకు తిప్పాలి. వంకరగా ఎక్కితే పైపు జారిపోతుంది, మర చెడదు. సాకెట్‌తో మొదలుపెడితే వంకరగా ఎక్కినా తెలియదు, బలానికి అది లోపలికి పోతూనే ఉంటుంది. 19 మిల్లీమీటర్ల మర, చుట్టుకు 1.25 మిల్లీమీటర్ల దిగుదల: వేళ్ళతోనే డజను చుట్లకు పైగా దిగాలి. రెండు మూడు చుట్లకే గట్టిబడితే అది బిగుసుకోవడం కాదు, మర తప్పింది. వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టండి.

మరలకు గ్రీజు గానీ, యాంటీ-సీజ్ గానీ రాయాలా? పాతకాలపు అలవాటు రాయమంటుంది. ఎన్‌జీకే వంటి తయారీదారులు వద్దంటారు, వారి ప్లగ్గులకు తుప్పు పట్టని లోహపు పూత ముందే ఉంది కాబట్టి. ఇందులో ఇంకో కారణం కూడా అర్థం చేసుకోవాలి. బోల్టు బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో నిజంగా బిగుతుగా మారేది సుమారు పదో వంతు, మిగతాదంతా ఘర్షణ తినేస్తుంది. కంపెనీ ఇచ్చిన అంకె పొడి మరలకు లెక్కగట్టింది. మరకు జిడ్డు పూస్తే ఘర్షణ తగ్గి, అదే అంకె దగ్గర ఆగినా అసలు బిగుతు మించిపోతుంది, అల్యూమినియం మర సాగిపోతుంది. అందుకని శుభ్రమైన పొడి మర, సరైన బిగుతు. ఫోర్డ్ ట్రైటన్ విషయంలో కంపెనీ యాంటీ-సీజ్ రాయమన్నది కూడా మరలకు కాదు, కింది తొడుగుకే.

అల్యూమినియం హెడ్డులో వాషరున్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20, 10కి 10 నుంచి 12. టార్క్ రెంచ్ లేకపోతే కోణం లెక్క ఉంది: కొత్త ప్లగ్గు వేళ్ళతో ఆగేదాకా దిగాక అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు. ఆ తిప్పుడులోనే వాషరు నలిగి చదునవుతుంది. పాత ప్లగ్గునే మళ్ళీ వేస్తే వాషరు ఇప్పటికే నలిగింది కాబట్టి పన్నెండో వంతు చుట్టు చాలు. వాషరు లేకుండా వాలు అంచు ఉన్న ప్లగ్గుకు పదహారో వంతే. వదులుగా వదిలేయడం కూడా క్షేమం కాదు. ప్లగ్గు కొన వేడి వాషరు ద్వారా, మరల ద్వారా హెడ్డుకు చేరాలి. ఆ దారి సరిగా ఆనకపోతే కొన ఎర్రగా కాలి, మెరుపు రాకముందే పెట్రోలును అంటిస్తుంది.

టోపీలను రాసుకున్న నంబర్ల ప్రకారం, టక్కుమని కూర్చునేదాకా నొక్కండి. తీసిన ఫ్యూజు, కాయిల్ వైరు, బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయండి. మొదట్లో కాస్త పొగ వస్తే అది మిగిలిన నూనె, రెండు మూడు నిమిషాల్లో పోతుంది. ఒక సిలిండర్ దగ్గర చప్పరిస్తున్నట్టు గాలి శబ్దం వినిపిస్తే అక్కడి ప్లగ్గు సరిగ్గా కూర్చోలేదు. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారాక, దాన్ని విప్పి వాషరు చూసుకుని మళ్ళీ బిగించాలి. శబ్దం ఏమీ లేకపోతే, మర్నాడు ఎందుకైనా మంచిదని ఇంకో పావు చుట్టు బిగించే పని పెట్టుకోవద్దు.